పంటి తెలుపు వెనుక పెరాక్సైడ్ కథ

కిందటి మాఘమాసంలో, కుమార్తెకు పెళ్లి నిశ్చయమైందన్న కబురు చెప్పడానికి పాత పరిచయస్థులొకరు మా ఇంటికి వచ్చారు. లేచి వెళ్లబోతూ గొంతు తగ్గించి అడిగారు: "డాక్టరుగారూ, అమ్మాయి పళ్లకు గార ఉంది. ముహూర్తం ఇంకా నలభై రోజులుంది. పెరాక్సైడ్ ఉన్న పేస్టు ఏదో పళ్లను తెల్లగా చేస్తుందంటే తెప్పించాం. రోజుకు మూడు పూటలా తోమితే పోతుందంటారా?" ఆ అమ్మాయి పక్కనే కూర్చుని ఉంది. మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. నల్గొండ జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన రోజుల్లో ఆ చేతి కదలికను నేను ఎందరిలోనో చూశాను. ఎక్కడ చూసినా గుర్తుపడతాను.

పోదని చెప్పాను. ఎందుకు పోదో వివరించే వ్యవధి ఆ రోజు లేకపోయింది. ఆ వివరం కొంచెం పొడుగైనది, రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. తీరికగా చదివే మీకు ఇప్పుడు చెబుతాను.

మొదట ఒక అపోహను పక్కకు పెట్టాలి. ఆరోగ్యవంతమైన పన్ను పాలలా తెల్లగా ఉండదు. పైన ఉండే ఎనామిల్ పొర కొంతవరకు పారదర్శకమైనది. దాని కింద ఉండే డెంటిన్ సహజంగానే లేత పసుపు రంగులో ఉంటుంది. మనకు కనిపించే రంగులో ఎక్కువ భాగం ఆ లోపలి పొరది. వయసు పెరిగేకొద్దీ ఎనామిల్ అరిగి పలచబడుతుంది, డెంటిన్ మందమవుతుంది. అందుచేత పళ్లు పసుపెక్కుతాయి. అది మురికి కాదు. నా పళ్లూ అలాగే ఉన్నాయి. ప్రకటనలలో కనిపించే కాగితపు తెలుపు ప్రకృతిలో అరుదు.

అయినా తెల్లని పళ్ల కోసం మనిషి చేయని ప్రయత్నం లేదు. మన పల్లెల్లో వేప పందుంపుల్ల, కచ్చిక, బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి వాడారు. వీటిలో పందుంపుల్లను మినహాయిస్తే చాలావరకు గరుకుతనంతో పైపొరను గీకేవే. రోమన్లలో మూత్రంతో పళ్లు కడిగే అలవాటు గురించిన ప్రస్తావనలున్నాయి. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు కవి కటుల్లస్, ఎప్పుడూ పళ్లికిలిస్తూ తిరిగే ఎగ్నేషియస్ అనే వ్యక్తిని ఇదే విషయమై ఎగతాళి చేశాడు. నిలవ ఉన్న మూత్రంలో యూరియా విడిపోయి అమ్మోనియా పుడుతుంది. దానికి శుభ్రపరిచే గుణం ఉంది కాబట్టి ఆ పని పూర్తిగా అర్థరహితమూ కాదు. ఈ యూరియా మళ్లీ మన కథలోకి వస్తుంది, గుర్తుంచుకోండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను 1818లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ జాక్ తెనార్ కనుగొన్నాడు. బేరియం పెరాక్సైడ్ మీద ఆమ్లంతో పనిచేస్తుండగా దొరికిన ఈ ద్రవానికి ఆయన 'ఆక్సిజన్ నిండిన నీరు' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. నీటి అణువులో ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటే ఇందులో రెండు ఉంటాయి. ఆ రెండవది నిలకడగా ఉండదు. ఎప్పుడు విడిపోదామా అని కాచుకుని ఉంటుంది. ఈ పదార్థపు గుణమూ దోషమూ రెండూ ఆ నిలకడలేనితనంలోనే ఉన్నాయి. రంగునిచ్చే పెద్ద అణువులను ఆక్సీకరణతో ముక్కలు చేస్తుంది. ముక్కలైన అణువులు రంగు కోల్పోతాయి. బట్టల మిల్లుల్లోను, కాగితం తయారీలోను దీన్ని వాడేది అందుకే.

వైద్యులకు ఇది మరో రూపంలో పరిచయం. మా శస్త్రచికిత్స వార్డుల్లో గోధుమరంగు సీసాలలో ఉండేది. కుళ్లిన పుండు మీద పోస్తే బుసబుసమని నురగ పొంగేది. రోగికి ఆ నురగే పెద్ద ధైర్యం, మందు పనిచేస్తున్నదన్న నమ్మకం. సీసా మీద '20 వాల్యూములు' అని ఉండేది. అంటే ఒక మిల్లీలీటరు ద్రావణం నుంచి ఇరవై మిల్లీలీటర్ల ఆక్సిజన్ వెలువడుతుందని. శాతంలో చెప్పాలంటే దాదాపు 6. ఈ 6 అనే అంకె కూడా తరువాత పనికివస్తుంది.

పంటి వద్దకు పెరాక్సైడ్ చేరడానికి చాలాకాలం పట్టింది. దంతవైద్యుల మొదటి సమస్య బతికున్న పళ్లు కావు, దెబ్బ తగిలి లోపలి నరం చచ్చి నల్లబడ్డ పళ్లు. 1864లో ట్రూమన్ అనే అమెరికా దంతవైద్యుడు బ్లీచింగ్ పౌడరు జాతి పదార్థం నుంచి క్లోరిన్ పుట్టించి అటువంటి పళ్లను తెల్లబరిచే పద్ధతిని ప్రచురించాడు. ఆక్సాలిక్ ఆమ్లం వంటివీ వాడారు. 1884లో హార్లాన్ హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడకాన్ని తెలియజేశాడు. 1918లో ఆబట్ అనే ఆయన గాఢమైన పెరాక్సైడ్‌కు తీవ్రమైన కాంతిని జోడించాడు. ఈనాడు అద్దాల క్లినిక్కులలో నీలి దీపం పెట్టి చేసే వైభవానికి మూలం అక్కడుంది.

ఇక్కడినుంచి కథ మనకు దగ్గరవుతుంది.

1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో వృత్తి ప్రారంభించాడు. అక్కడ పుట్టి పెరిగినవారి పళ్ల మీద చాక్లెట్ రంగు మచ్చలు చూసి ఆశ్చర్యపోయాడు. దంతవైద్యంలో నాటి మహామహుడైన జి.వి. బ్లాక్‌ను 1909లో పిలిపించి చూపించాడు. ఆ మచ్చలు పైన అంటుకున్నవి కావనీ, ఎనామిల్ తయారయ్యే దశలోనే ఏర్పడ్డ లోపమనీ వారు నిర్ధారించారు. పెద్దయ్యాక ఆ ఊరు వచ్చినవారికి మచ్చలు రావడం లేదు. కారణం మాత్రం ఏళ్ల తరబడి దొరకలేదు. 1923లో మెకే ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే ఊరికి వెళ్లాడు. ఊరికి కొత్తగా ఒక వేడినీటి ఊట నుంచి గొట్టాలు వేశాకే పిల్లల పళ్లకు మచ్చలు వచ్చాయని తల్లులు చెప్పారు. ఆ నీటిని మానేసి వేరే ఊట వాడమని ఆయన సలహా ఇచ్చాడు. వారు విన్నారు. కొన్నేళ్లకు చిన్నపిల్లలకు మొలిచిన కొత్త పళ్లు శుభ్రంగా వచ్చాయి. నీటిలో ఉన్నది ఫ్లోరైడ్ అని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు.

కారణం వెదికేవారు ఒక వైపు ఉండగా, ఉన్న మచ్చను వదిలించాలనుకునేవారు మరో వైపు ఉన్నారు. కొలరాడో స్ప్రింగ్స్‌లోనే వాల్టర్ కేన్ అనే దంతవైద్యుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మచ్చ పొరను కరిగించి తీశాడు. 1937లో ఏమ్స్ అనే ఆయన హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఈథర్ కలిపి, పంటిమీద ఉంచి వేడిచేసే పద్ధతిని ప్రచురించాడు. ఒక్కసారితో అయ్యేది కాదు, ఎన్నోసార్లు కూర్చోబెట్టాలి. అంటే బతికున్న పళ్ల మీద పెరాక్సైడ్ చికిత్స రూపుదిద్దుకున్నది అందాల పోటీల కోసం కాదు, ఫ్లోరోసిస్ మచ్చల కోసం.

అదే 1937లో మన నెల్లూరు జిల్లా గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం వచ్చింది. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు ప్రాంతంలో ఫ్లోరోసిస్ ఉన్నట్టు నమోదు చేశారు. పళ్ల గార మాత్రమే కాదు, నడుము వంగి, కీళ్లు బిగుసుకుపోయిన మనుషులనూ వర్ణించారు. భారతదేశంలో ఈ వ్యాధి గురించి వైద్య సాహిత్యంలో వెలువడిన తొలి నివేదికలలో అది ముఖ్యమైనది. అక్కడ ఏమ్స్ మచ్చను చెరపబోతున్న సంవత్సరంలో, ఇక్కడ మన మనుషులకు ఆ మచ్చ ఎలా వచ్చిందో రాసుకుంటున్నారు. తరువాత నల్గొండ, ప్రకాశం జిల్లాల పేర్లు ఇదే వరుసలో చేరాయి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి 1970లలో నాగపూర్ పరిశోధన సంస్థ వారు 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఒక జిల్లాకు దక్కిన కీర్తి ఇటువంటిదైతే సంతోషించాలో విచారించాలో తెలియదు.

మళ్లీ పెరాక్సైడ్ దగ్గరికి వద్దాం. అది దంతవైద్యుడి కుర్చీ దాటి ఇంటికి రావడం యాదృచ్ఛికంగా జరిగింది. 1960ల చివర్లో అమెరికాలోని ఆర్కాన్సాస్ రాష్ట్రంలో బిల్ క్లస్మయర్ అనే దంతవైద్యుడు వంకరపళ్లు సరిచేసేవాడు. చిగుళ్లు వాచిన పిల్లలకు కార్బమైడ్ పెరాక్సైడ్ ఉన్న ఒక చిగుళ్ల మందును రాత్రిపూట పళ్లకు తొడిగే అచ్చులో వేసుకొని పడుకోమనేవాడు. చిగుళ్లు బాగుపడ్డాయి. పనిలోపనిగా పళ్లు తెల్లబడటం ఆయన కంటబడింది. కార్బమైడ్ అంటే యూరియా. పెరాక్సైడ్‌ను యూరియాతో కలిపి కాస్త నిలకడగా ఉంచిన పదార్థమిది. రోమన్లను చూసి నవ్వుకున్నాం కానీ, యూరియా రెండువేల ఏళ్ల తర్వాత శుభ్రమైన వేషంలో పళ్ల దగ్గరకే వచ్చింది! ఈ సంగతి దంతవైద్యుల మధ్య నోటిమాటగా ఇరవై ఏళ్లు తిరిగింది. 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు ఆచార్యులు 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌తో రాత్రి అచ్చు పద్ధతిని శాస్త్రీయంగా ప్రచురించాక లోకమంతా పాకింది. 2001 ప్రాంతంలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ పళ్లకు అంటించుకునే పలచని పట్టీలను అమెరికా అంగళ్లలో పెట్టింది. అక్కడితో దంతవైద్యుడితో పనే లేకుండా పోయింది.

టూత్‌పేస్టులో పెరాక్సైడ్ కథ వేరు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే న్యూయార్కుకు చెందిన మెక్‌కెసన్ అండ్ రాబిన్స్ కంపెనీ కాలాక్స్ అనే పళ్లపొడిని 'ఆక్సిజన్ పళ్లపొడి' అని ప్రచారం చేసి అమ్మింది. అందులో ఉన్నది కాల్షియం పెరాక్సైడ్. పొడిగా ఉన్నంతసేపు అది నిలవ ఉంటుంది. పేస్టులో నీరుంటుంది, సుద్ద ఉంటుంది. అవి తగిలితే పెరాక్సైడ్ గొట్టంలోనే విడిపోయి గొట్టం ఉబ్బుతుంది, వాడేవాడికి మిగిలేది నీరు. ఈ చిక్కు దశాబ్దాలపాటు తయారీదార్లను ఆపింది. 1970లలో పాల్ కీస్ అనే అమెరికా దంత పరిశోధకుడు వంటసోడా, పెరాక్సైడ్ కలిపి చిగుళ్లు తోమితే మంచిదని చెప్పడంతో దేశమంతా ఆ వెర్రి పట్టుకుంది. తర్వాతి పోలికలలో మామూలు శుభ్రత కంటే అది మేలని తేలలేదు. కానీ జనం మనసులో సోడా, పెరాక్సైడ్ జంట నాటుకుపోయింది. 1993లో అమెరికాలో మెంటాడెంట్ అనే పేస్టు రెండు గదుల డబ్బాలో వచ్చింది. ఒక గదిలో సోడా, మరో గదిలో పెరాక్సైడ్. నొక్కితే రెండూ బ్రష్షు మీదే కలుస్తాయి. తర్వాత నీరు లేని పేస్టులు, పెరాక్సైడ్‌ను మరో పదార్థంలో బంధించి ఉంచే ఉపాయాలు వచ్చాయి. ఇలా ఎన్నో తెలివితేటలు ఖర్చుపెట్టి పెరాక్సైడ్‌ను గొట్టంలో సజీవంగా నిలిపారు. నిలిపిన తర్వాత అది పంటిమీద ఎంతసేపు ఉంటుందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

చిన్న లెక్క చేద్దాం. రాత్రి అచ్చులో పోసే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ విడిపోతే దాదాపు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సమానం. అది చిక్కని జెల్ రూపంలో పంటికి అతుక్కొని ఎనిమిది గంటలు, అంటే 480 నిమిషాలు ఉంటుంది. ఒక శాతం పెరాక్సైడ్ ఉన్న పేస్టుతో మీరు రెండు పూటలా రెండేసి నిమిషాలు తోమితే రోజుకు నాలుగు నిమిషాలు. కాలంలోనే నూట ఇరవై రెట్ల తేడా. బలంలో మూడున్నర రెట్లు. అదీగాక తోముతున్నంతసేపూ లాలాజలం పేస్టును పలచబరుస్తుంది. లాలాజలంలో పెరాక్సైడ్‌ను విరిచే ఎంజైములుంటాయి. పుండు మీద నురగ పుట్టించేది కూడా ఆ జాతి ఎంజైములే. తర్వాత పుక్కిలించి ఉమ్మేస్తారు. వారాల తరబడి వాడితే టీ, కాఫీ మరకలు కొంత తగ్గవచ్చు, ఒక ఛాయ తెలుపు రావచ్చు. అంతకుమించి ఆశించడం న్యాయం కాదు. 'వైటెనింగ్' అని రాసి ఉన్న పేస్టులలో చాలావాటిలో అసలు పెరాక్సైడే ఉండదన్నది మరో విషయం. అవి గరుకు సిలికాతో పైమరకను గీకుతాయి. కొన్ని నీలిరంగు పదార్థంతో, తెల్లబట్టలకు మన ఇళ్లలో నీలిమందు పెట్టినట్టే, పసుపును కంటికి కనబడకుండా చేస్తాయి. గొట్టం వెనుక హైడ్రోజన్ పెరాక్సైడ్, కార్బమైడ్ పెరాక్సైడ్, కాల్షియం పెరాక్సైడ్ అన్న మాటల్లో ఏదో ఒకటి ఉందేమో చూడండి.

తక్కువ బలంతో లాభం తక్కువ కాబట్టి ఎక్కువ బలం తెచ్చుకుందామన్న ఆలోచన రావచ్చు. యూరప్ దేశాలు ఈ విషయంలో గట్టి గీత గీశాయి. 2011లో వెలువడి మరుసటి ఏడాది అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం అంగట్లో నేరుగా అమ్మే నోటి ఉత్పత్తులలో హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.1 శాతానికి మించరాదు. అంతకు పైన 6 శాతం వరకు ఉన్నవాటిని దంతవైద్యుడు పరీక్షించి, మొదటి విడత తన పర్యవేక్షణలో వాడించాలి. 18 ఏళ్లలోపు వారికి వాడరాదు. మా వార్డు సీసాలోని 6 శాతమే ఇక్కడ దంతవైద్యుడి పరిమితి. ఆ సీసాను ఇంటికి తెచ్చి బ్రష్షు ముంచి తోమిన వారిని నేను చూశాను. చిగుళ్లు తెల్లగా పాలిపోయి, మంటతో అన్నం తినలేక వచ్చారు. మోతాదులోనే వాడినా కొందరికి పళ్లు జివ్వుమంటాయి. సాధారణంగా వాడటం ఆపిన కొద్దిరోజులకు తగ్గుతుంది. పిప్పిపన్ను ఉండగా, పన్ను పగిలి ఉండగా ఈ పని పెట్టుకోకూడదు. కట్టించుకున్న పళ్లు, పంటి రంగులో నింపిన సిమెంట్లు పెరాక్సైడ్‌తో రంగు మారవు. చుట్టుపక్కల పళ్లు తెల్లబడితే అవి మరింత కొట్టొచ్చినట్టు కనబడతాయి.

లోపలి మరకలలో మరొక రకం గురించి చెప్పకుండా ఉండలేను. 1948లో వెలుగు చూసిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. దాన్ని కనుగొన్నది డగ్గర్. ఆ పరిశోధనకు సారథ్యం వహించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. లక్షల ప్రాణాలు నిలిపిన మందు అది. అయితే ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇస్తే తయారవుతున్న పంటిలో కాల్షియంతో కలిసిపోయి, శాశ్వతంగా పసుపు, బూడిద రంగు చారలు మిగులుస్తుందని 1950ల మధ్య నుంచి బయటపడసాగింది. ఆ సమాచారం వైద్య పుస్తకాలకు ఎక్కినా మా పల్లె ఆసుపత్రుల అలవాట్లలోకి ఎక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. నా తొలి ఉద్యోగపు రోజుల్లో జ్వరంతో వచ్చిన పసివాళ్లకు ఆ తియ్యటి సిరప్ నేనూ రాశాను. వారికిప్పుడు యాభై ఏళ్లు దగ్గరపడుతుంటాయి. వారిలో ఎవరైనా ఈ పేస్టుల కోసం డబ్బు పోస్తుంటే ఆ డబ్బు వృథా. టెట్రాసైక్లిన్ మరక లేతబడాలంటే దంతవైద్యుడి రాత్రి అచ్చును నెలల తరబడి, కొందరికి ఆరు నెలలపాటు వాడవలసి ఉంటుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి విషయం. ఆమె పళ్ల మీద ఉన్నది చిన్ననాడు తాగిన బోరునీటి ఫ్లోరైడ్ మచ్చ. ఎనామిల్‌లోనే ఇమిడిపోయి ఉన్నదాన్ని నాలుగు నిమిషాల నురగ చేరలేదు. పైపెచ్చు పెరాక్సైడ్ గోధుమరంగును కొందరిలో తగ్గించినా సున్నపు తెలుపు చారలను తీయదు. మొదట్లో వాటిని ఇంకా స్పష్టం చేయవచ్చు. అందుకని పేస్టు పక్కన పెట్టించి ఒక దంతవైద్య కళాశాలకు పంపాను. అక్కడ ముందుగా ఆమ్లం, గరుకుపొడి కలిపిన లేపనంతో పైపొరను అతి పలచగా అరగదీశారు. నాడు కేన్ చేసినదానికి 1980లలో మెరుగులు దిద్దిన పద్ధతి ఇది. ఆపైన మూడు వారాలు రాత్రి అచ్చు ఇచ్చారు. గోధుమరంగు చాలావరకు పోయింది. తెల్లచారలు కొన్ని మిగిలాయి.

పెళ్లికి వెళ్లాను. తలంబ్రాలప్పుడు ఆ అమ్మాయి నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. భోజనాల దగ్గర ఆమె అక్క కొడుకు, ఎనిమిదేళ్లవాడు, లడ్డూ పట్టుకుని నా ఎదురుగా నిలబడ్డాడు. వాళ్ల ఊరికి కృష్ణానది నీరు గొట్టాలలో వచ్చాక పుట్టినవాడు. నోరు తెరవమన్నాను. ముందు పళ్లు నాలుగూ కొత్తగా మొలిచాయి. ఒక్క మచ్చ లేదు. లేత పసుపు రంగులో ఉన్నాయి.